సభ్యురాలు కాని ఆస్లౌగ్

ఆస్లౌగ్ ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. చదువు అంతంత మాత్రం. చిన్నతనంలోనే చేపల ఫ్యాక్టరీలో పనికి చేరి, అక్కడే పరిచయమైన ఎయిలివ్‌ను పెళ్ళి చేసుకుంది. ఎయిలివ్ ఓడల మీద ఆఫ్రికా తీరాలు తిరిగి వచ్చినవాడు. పశ్చిమ సహారా జనం సొంత నేల పోగొట్టుకుని ఎడారి గుడారాల్లో బతుకుతున్నారని తెలిశాక అతను ఊరుకోలేకపోయాడు. నార్వేలో ఓ మూల, ఆ చిన్న రేవు ఊళ్ళో కొందరిని పోగేసి వాళ్ళ తరఫున ఒక సంఘం పెట్టాడు.

ప్రతి శనివారం కొట్ల ముందు బల్ల వేసి, సహారా జెండా కట్టి, వచ్చేపోయేవాళ్ళ చేత అర్జీ మీద సంతకాలు పెట్టించేవాళ్ళు. ఆ బల్ల మీద పెట్టే గళ్ళ అట్లు, వాఫుల్స్, ఆస్లౌగ్‌వే. పిండి కలిపేది ఆవిడ, కాల్చేది ఆవిడ, వానకు తడిసిన జెండాను ఇంటికి తెచ్చి పొయ్యి దగ్గర ఆరేసేదీ ఆవిడే. "నేను సంతకం పెట్టేది సహారాకి కాదమ్మా, నీ వాఫుల్‌కి" అని ఎవరైనా వేళాకోళమాడితే నవ్వి ఇంకాస్త జామ్ వేసేది.

వేసవిలో ఎడారి పిల్లలు కొందరు ఆ ఊరికి వచ్చేవారు. మగ్లాహా అనే పిల్ల వీళ్ళింట్లోనే ఉండేది. తర్వాత చదువుకీ వచ్చింది, భాష పట్టేసింది. ఇప్పుడు మళ్ళీ ఆ గుడారాల్లోనే పంతులమ్మ. ఏటా సంఘం సమావేశం అయిన మర్నాడు ఎయిలివ్ ఆమెకు ఫోను చేసి, "ఈ ఏడూ ఉన్నాం" అని చెప్పేవాడు. పెద్ద కబురేం కాదు. అయినా అక్కడ ఆమె తల్లి దానికోసం ఎదురుచూసేదట.

ఆకులు రాలే కాలంలో ఎయిలివ్ పోయాడు.

మంచు ఇంకా కరగకముందే సమావేశం వచ్చింది. సంఘంలో మిగిలింది ఇద్దరు. అధ్యక్షురాలు యోర్డిస్, ఒకప్పటి బడిపంతులమ్మ. రెండోవాడు మాంగ్నార్, ముసలి జాలరి. కమిటీకి ముగ్గురు లేకపోతే సంఘం మూసెయ్యాలి. ఆ మూడో చోటు తనకిస్తారనే ఆస్లౌగ్ వాఫుల్ బుట్టతో గ్రంథాలయం గదికి వచ్చింది.

"ప్రసంగం తగ్గించు యోర్డిస్," అన్నాడు మాంగ్నార్ నోటినిండా వాఫుల్‌తో. "ముగ్గురమే ఉన్నాం. నీ గొంతు మాకు కొత్తా?"

"కొత్త కాదు. నీ చెవికి ఎక్కిందీ లేదు." యోర్డిస్ ఆస్లౌగ్ వైపు తిరిగింది. "ఎయిలివ్ చోట్లో నువ్వుంటావా?"

"ఉంటాను."

"హమ్మయ్య. నువ్వెలాగూ సభ్యురాలివే కదా," అంటూ కలం తీసింది.

ఊ అంటే సరిపోయేది. ఆస్లౌగ్ తల అడ్డంగా ఊపింది.

"కాదు. నేనెప్పుడూ చేరలేదు."

"చేరకపోవడమేంటి? ఇన్నేళ్ళూ మాతోనే ఉన్నావుగా."

"వాఫుల్స్ దగ్గరున్నాను. చేరమని మీరెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. ఇంటికొకరు చాలనుకున్నాం."

మాంగ్నార్ తినడం ఆపాడు. "అయితే ఇప్పుడు చేరుతుంది. రాసెయ్."

యోర్డిస్ కలం కదల్లేదు. వెనకోసారి ఈ సంఘమంటే గిట్టనివాళ్ళు సమావేశం రోజే గుంపుగా వచ్చి చేరి, పగ్గాలు లాక్కోబోయారు. అందుకే ఏ ఏడు చేరినవాళ్ళకు ఆ ఏడు కమిటీలో చోటు ఉండకూడదని నియమం పెట్టారు. పెట్టించినవాడు ఎయిలివే.

"ఎవరు చూడొచ్చారు? కిటికీ అవతల మంచు తప్ప మనిషి లేడు," అన్నాడు మాంగ్నార్.

"సహారా వాళ్ళకి తమ నేల సంగతి తామే తేల్చుకునే ఓటు పెడతామని మాటిచ్చి తప్పారనే కదా మనం లోకం మీద కేకలేస్తున్నది? ఇప్పుడు మన గదిలో మనమే మాట తప్పుదామా?" యోర్డిస్ కలం బల్ల మీద పెట్టేసింది.

"నీ నిజాయితీతో గొయ్యి తవ్వుతున్నావు."

"నాకు మాత్రం సంతోషమా?"

ఇద్దరూ ఆస్లౌగ్ వైపు చూశారు. ఆవిడ పళ్ళాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది.

"ఉన్నదున్నట్టే రాయి యోర్డిస్," అంది. "ఆయనున్నా అదే అనేవాడు."

మాంగ్నార్ జెండా చుట్టాడు. ఎవరికివ్వాలో తెలియక కాసేపు పట్టుకు నిలబడి, చివరికి ఆవిడ బుట్టలో పెట్టాడు.

మర్నాడు ఫోను ఆవిడే చేసింది.

"పిన్నీ, నువ్వా? మా అమ్మ పొద్దుట్నించీ ఫోను పక్కనుంచి లేవలేదు," అంది మగ్లాహా. "ఉన్నారా ఈ ఏడు?"

"లేమమ్మా. మూసేశాం." ఎందుకో, ఎలాగో చెప్పింది. తాను సభ్యురాలు కాకపోవడమూ దాచలేదు.

అవతల మగ్లాహా తల్లికి తమ భాషలో చెబుతోంది. వెనక ఎడారి గాలి హోరు. ఆ ముసలావిడ ఏడుస్తుందనుకుంది ఆస్లౌగ్. తిట్టినా పడడానికి సిద్ధంగానే ఉంది.

"పిన్నీ," అంది మగ్లాహా మెల్లగా. "అమ్మ అడగమంటోంది. ఆయనా లేడు, సంఘమూ లేదు. ఇక శనివారాలు ఒక్కదానివీ ఏం చేస్తావని."