దీపాలవేళ పాస్‌వర్డు

నా కాళ్ళకి చక్రాలున్నాయని మా అమ్మ అంటూ ఉండేది. గుడివాడ నుంచి బందరు కోడలిగా వచ్చి ఇన్నేళ్ళయినా ఆ చక్రాలు ఊడిపోలేదు. ఆ గాలివాన వారంలో అయితే నన్ను ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

అసలు అంతా ఒక తెల్ల డబ్బాతో మొదలైంది. విజయవాడలో ఒక ఆఫీసుకి నేను ఇంట్లోంచే లెక్కలు చూసిపెడతాను. ఫోను డేటాతో ఎన్నాళ్ళో ఈడ్చుకొచ్చి, ఇక లాభం లేదని వైఫై పెట్టించుకున్నాను. కేబులాయన గోడకి కన్నం వేసి, తీగ లోపలికి లాగి డబ్బాకి తగిలించాడు. "పేరూ పాస్‌వర్డూ మీరే మార్చుకోండమ్మా, వాన ముంచుకొస్తోంది, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి" అంటూ చక్కా పోయాడు.

మా అత్తయ్యగారు ఆ డబ్బాని పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు అటూ ఇటూ తిరిగి చూశారు.

"బొట్టు పెట్టమ్మా దానికి," అన్నారు.

"ముందు పనిచెయ్యనివ్వండి అత్తయ్యా."

"పనిచెయ్యాలనే పెట్టమంటున్నాను."

మా ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, మిక్సీ అయినా ఇన్వర్టర్ అయినా, పసుపు రాసి కుంకుమ పెట్టాకే స్విచ్చి వేస్తాం. మావయ్యగారు పోయిన దగ్గర్నుంచి అత్తయ్యగారు బొట్టు తన చేత్తో పెట్టరు. పక్కన నిలబడి నాచేత పెట్టిస్తారు. నేను విసుక్కుంటూనే రౌటరు నెత్తిన ఒక బొట్టు పెట్టాను.

ఆ తర్వాత నా పాట్లు మొదలయ్యాయి. డబ్బా అడుగున అతికించిన కాగితం మీద చీమతలకాయంత అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా తలకిందులు చేసి, అక్కడున్న అంకెలు ఫోనులో కొడితే ఒక పేజీ తెరుచుకుంది. చూస్తే అందులో ఒకటి కాదు, రెండు వైఫైలు. ఒకటి నెమ్మదస్తురాలు, దూరం వెళ్తుంది. ఇంకోదానికి వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. నాలాంటిదే అనుకున్నాను. ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కేసరికి డబ్బా మీది దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. పిన్నీసుతో వెనక చిల్లులో గుచ్చి మళ్ళీ మొదటికి తెచ్చాను. ఎలాగో పేరు మార్చాను. ఆ పేరు ఫోనులో కనబడగానే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"కాలుకాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? కూర్చుని చేసుకోరాదూ," అన్నారు అత్తయ్యగారు.

కూర్చుంటే సిగ్నలు ఎంతవరకు వస్తోందో ఎలా తెలుస్తుంది? ఫోను పట్టుకుని వంటింట్లోకి, వెనక వసారాలోకి, వీధి గేటు దాకా తిరిగాను. వంటింట్లో బాగానే ఉంది. గేటు దగ్గరికొచ్చేసరికి దాని ప్రాణం కొట్టుమిట్టాడుతోంది. తిరిగి హాల్లోకి వచ్చి చూస్తే, డబ్బా మీద పువ్వుల గుడ్డ కవరు! టీవీకి కుట్టగా మిగిలిన ముక్కతో అప్పటికప్పుడు కుట్టేశారు. ఉప్పుగాలికి పాడైపోతుందని ఆవిడ బాధ, వేడెక్కి చస్తుందని నా బాధ. నేను తీస్తాను, నేను అటు తిరగ్గానే ఆవిడ కప్పుతారు.

పాస్‌వర్డు కూడా ఆవిడ ఎంచిందే. అది బీరువా తాళంచెవిలా దాచుకోవాల్సిన వస్తువని ఆవిడ పట్టు. చుట్టాలెవరైనా వచ్చి వాడుకుని వెళ్తే, వాళ్ళ బస్సు పామర్రు చేరేలోపు మార్చెయ్యాలట. సొంత కూతురికైనా అదే చట్టం. సరే అన్నాను. సరే అనకపోతే వదిలే మనిషి కాదు.

వైఫై కుదిరిన సాయంత్రమే గాలి ఎత్తుకుంది. వీధిలో రేకులు లేచిపోయాయి, వేపచెట్టు కొమ్మ తీగల మీద పడింది, కరెంటు పోయింది. టవర్లు మూగబోయాయి. గాలి తెరిపిచ్చాక కూడా అవి పలకలేదు. జనం ఫోనులు పట్టుకుని మేడలెక్కి ఆకాశానికి చూపిస్తున్నారు. మా ఆయన తుఫాను డ్యూటీ అని అవనిగడ్డ ఆఫీసులోనే ఉండిపోయారు. కబురు లేక నాకు అన్నం సయించలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి కేబులాయన జనరేటరు వేసుకున్నట్టున్నాడు, ఇన్వర్టర్ మీద నడుస్తున్న మా రౌటరులో ఎర్రదీపం పోయి పచ్చదీపం వచ్చింది. వాట్సాప్‌లో పిలిస్తే ఆయన పలికారు, అక్కడి ఆఫీసులోనూ తీగ నెట్టేనట. ఆ గొంతు విన్నాక గానీ నాకు ఆకలి తెలియలేదు.

గోడ అవతలి ఇంటావిడకి ఆ అదృష్టం లేదు. ఆవిడ బజార్లో చేపలమ్ముతుంది. భర్త గిలకలదిండి హార్బరు నుంచి బోటు మీద వేటకి వెళ్తాడు. హెచ్చరిక రాకముందే వెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అతనున్న బోటు మాత్రం రాలేదు. ఆవిడ పొద్దుటినుంచి హార్బరులోనే ఉందని విన్నాను.

సందెవేళ మా గేటు చప్పుడైంది. చూస్తే ఆవిడే. చీర అంచంతా బురద.

"వదినా, మీ ఇంట్లో నెట్ వస్తోందంటగా? కొన్ని బోట్లు గాలికి కొట్టుకుపోయి నిజాంపట్నం కాడ ఒడ్డెక్కాయంటున్నారు. ఒడ్డెక్కినోళ్ళు ఎవరి ఫోన్లోంచో ఒకరి ఫోన్లోంచి మెసేజీలు పెడుతున్నారంట. నాకేమన్నా వచ్చి ఆగిపోయిందేమోనని..."

"ఇలా తే ఫోను, పాస్‌వర్డు కొడతాను," అని చెయ్యి చాచాను.

"అమ్మాయ్!" లోపల దేవుడి దగ్గర్నుంచి అత్తయ్యగారి గొంతు. "శుక్రవారం. దీపాలవేళ."

శుక్రవారం దీపాలు పెట్టేవేళ మా ఇళ్ళలోంచి ఉప్పు బయటికి వెళ్ళదు, మజ్జిగ తోడు వెళ్ళదు, సూది కూడా వెళ్ళదు. వెళ్తే వాటి వెంట లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. కానీ పాస్‌వర్డు?

"ఇదేమన్నా ఉప్పా, తోడా అత్తయ్యా? చేత్తో పట్టుకునేదే కాదు!" అని అరిచాను.

ఆవిడ జవాబు చెప్పేలోపే గేటు దగ్గరావిడ ఫోను గుండెలకి హత్తుకుంది.

"పిన్నిగారన్నది నిజమే వదినా. నేనూ పుచ్చుకోను. ఆయన నీళ్ళ మీదుండగా దీపాలేళ ఒకరింట్లోది చెయ్యి చాచి తీసుకోను. చీకటి పడనీ. ఇక్కడే ఉంటాలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇచ్చేవాళ్ళు ఇవ్వరు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకోరు! మధ్యలో నేను గేటు నుంచి హాల్లోకి, హాల్లోంచి గేటుకి. ఆవిడ గేటు ఊచ పట్టుకుని సన్నటి చినుకుల్లో అలాగే నిలబడింది. హాల్లో డబ్బా పచ్చగా మిణుకుమిణుకుమంటోంది. ఆ కబురు అక్కడిదాకా వచ్చి ఆగిందో, అసలు లేనే లేదో. నిజం చెప్పాలంటే నాది కోపం కాదు, భయం. ఫోను కలిపాక ఏమీ రాకపోతే? వచ్చిన కబురు రాకూడనిదైతే? అది ఆవిడ నా ఇంట్లో, నా కళ్ళ ముందు వినాలి.

అత్తయ్యగారు దేవుడి గదిలోంచి బయటికి వచ్చారు. గేటు వైపు కాసేపు చూశారు.

"శుక్రవారం పూట ముత్తయిదువ గుమ్మం దాకా వస్తే బొట్టు పెట్టకుండా పంపుతామా? లోపలికి పిలువు. మనం ఏదీ బయటికి ఇవ్వడం లేదు. ఆవిడే మనింట్లోకి వస్తోంది."

నేను పరుగెత్తాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, అత్తయ్యగారి చేతిలో కుంకుమభరిణ చూసి వెనక్కి తగ్గింది.

"వద్దు పిన్నిగారూ. ముందు కబురు తెలియనివ్వండి. ఆ తర్వాత..."

"కబురు తెలిసేదాకా నువ్వు ముత్తయిదువవే," అన్నారు అత్తయ్యగారు. "రా, కూర్చో." భరిణ నా చేతిలో పెట్టారు. "నువ్వు పెట్టమ్మా."

మిక్సీకి పెట్టాను, ఇన్వర్టరుకి పెట్టాను, రౌటరుకి విసుక్కుంటూ పెట్టాను. ఇప్పుడు ఆవిడ నుదుటి మీదికి వేలు తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. బొట్టు కాస్త వంకరగా పడింది. దాన్ని సరిచేసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

తర్వాత ఫోను తీసుకుని పాస్‌వర్డు కొట్టాను. తప్పు కొట్టాను. మళ్ళీ కొట్టాను. అత్తయ్యగారు డబ్బా దగ్గరికి వెళ్ళి, "దీనికి ఊపిరాడాలిగా" అనుకుంటూ తన పువ్వుల కవరు తనే తీసి పక్కన పెట్టారు.

కలిసింది. కలవగానే ఫోను మోగడం మొదలుపెట్టింది. గుడ్ మార్నింగ్ గులాబీలు, వాతావరణం వీడియోలు, పిల్లల స్కూలుకి సెలవని ఒకటి, రొయ్యల ధరలని ఒకటి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఆవిడ ముందుకి వంగుతుంది, చూసి మళ్ళీ వెనక్కి జరుగుతుంది. ఆ గులాబీలు పంపినవాళ్ళని పట్టుకుని తన్నాలనిపించింది. తర్వాత ఫోను ఊరుకుంది. ఇక ఏమీ రాలేదు. నేను కిటికీ దాకా వెళ్ళాను.

మళ్ళీ మోగింది. ఏదో తెలియని నంబరు. ఎవరో మాట రికార్డు చేసి పంపారు. ఆవిడ నొక్కలేకపోయింది. నేనే నొక్కాను.

ముందు గాలి హోరు. ఆ తర్వాత ఒక మగగొంతు. "ఇదిగో, నేనే. ఇంజను పోయింది, నిజాంపట్నం కాడ ఒడ్డెక్కాం. అందరం బాగానే ఉన్నాం. నా ఫోను తడిసిపోయింది, ఇది ఇక్కడోళ్ళ ఫోను. కంగారు పడమాక. అన్నం తిను."

ఆవిడ దాన్ని మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ పెట్టుకుంది. ఏడుస్తూ పైటచెంగుతో మొహం తుడుచుకోబోతుంటే అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "బొట్టు చెరుగుతుంది. మెల్లిగా."

పిల్లలకి చెప్పాలని ఆవిడ పరుగున వెళ్ళిపోయింది. నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఆ వారంలో నేను నా అంతట నేను కూర్చున్నది అప్పుడే.

"మీ మావయ్యగారు పోయిన కబురూ పక్కింటి ఫోనుకే వచ్చింది," అన్నారు అత్తయ్యగారు, భరిణ మూత పెడుతూ. "అప్పట్లో మనకి ఫోను లేదు. అప్పటి పక్కింటావిడ గోడ మీద నుంచే చెప్పేసింది. లోపలికి రమ్మనలేదు."

ఇన్నేళ్ళలో ఆవిడ నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. భరిణ దేవుడి దగ్గర పెట్టి వచ్చి ఆవిడే అడిగారు.

"ఆ అమ్మాయి ఫోనుకి మన పాస్‌వర్డు గుర్తుండిపోతుందా?"

"ఉండిపోతుంది అత్తయ్యా. రేప్పొద్దున్నే మార్చేస్తాను లెండి."

"మార్చకు," అన్నారు. "అతనింకా ఇల్లు చేరలేదుగా."