మిద్దె మీద ఉప్పునీళ్ళు

మా పక్కింటి టీచరమ్మ పోయింది. మొన్నటి తుపాను వానకు ఆమె ఉంటున్న మట్టి మిద్దె కూలి, నా కళ్ళ ముందే పోయింది. శనగలకు మంచి వాన పడిందని ఊరంతా సంబరపడుతున్న రోజున పోయింది. ఆ సంబరం మీద నాకింకా కోపం తగ్గలేదు.

మా పత్తికొండలో గట్టి వాన పడాలంటే తుపాను రావాల్సిందే. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందని టీవీలో చెబితే ఇక్కడ మొహాలు వెలుగుతాయి. ఒకసారి మా ఇంటాయన ఆమె గడప ముందు నిలబడి, "ఈసారన్నా మనపక్కకు తిరుగుతాదేమో టీచరమ్మా" అన్నాడు, పాపం మంచి కబురు చెబుతున్నాననుకుని. ఆమె చేతిలోని చీపురు విసిరికొట్టింది. "నీ చేనుకు నాలుగు చినుకులు పడేదానికి అక్కడ ఎవరి కొంప కూలాలయ్యా?"

ఆమెది నెల్లూరు వైపు సముద్రం ఒడ్డు. చిన్నతనంలో ఒక తుపాను వాళ్ళ నాన్నను పడవతో సహా మింగేసింది. గాలి ఆగాక ఒడ్డు నిండా డిప్పలు పగిలిన తాబేళ్ళు, తాటి మానులకు కొట్టుకుని మెడలు విరిగిన పక్షులు. "వాటిని కాళ్ళతో పక్కకు నెట్టుకుంటా మా నాయన కోసం వెతికాం" అని ఒక్కసారే చెప్పింది. సముద్రపు వాసన కూడా రాని ఊళ్ళో ఉద్యోగం కావాలని అడిగి మరీ ఇక్కడికి వచ్చిందట. సైన్సు చెప్పింది, రిటైరయింది, ఇక్కడే ఉండిపోయింది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా దురుసు. ఆమె చేత చెవి మెలిపెట్టించుకోని ఆడపిల్ల మా వీధిలో లేదు, నాతో సహా.

సముద్రం మాత్రం ఆమెను వదల్లేదు. కొన్నేళ్ళ కిందట ఇంకో తుపాను గాలికి టమోటా మార్కెట్లో ఒక పక్షి వచ్చి పడింది. పైన నలుపు, కింద తెలుపు, ఒంటికి మించిన రెక్కలు. మేమెవరమూ అలాంటిదాన్ని చూడలేదు. కుక్కలు చుట్టుముట్టాయి. అపశకునమని ఒక హమాలీ కట్టె తీసుకుని దాన్ని కొట్టాడు. రెక్క మీద తోలు లేచి, నలిగిన టమోటాల్లో రక్తం కలిసిపోయింది. రెండో దెబ్బకు కట్టె లేచేసరికి టీచరమ్మ గొడుగు అతని వీపు మీద పడింది. గొడుగు విరిగేదాకా కొట్టింది. అతను నెత్తికి చేతులు అడ్డం పెట్టుకుని, "ఏందమ్మా, పక్షి కోసరం మనిషిని సంపుతావా?" అని అరిచాడు.

"దాన్ని పిలిచారా మీరు? గాలి తోసేస్తే వచ్చింది. సముద్రం అవతల నుంచి తిండి లేకుండా కొట్టుకొచ్చింది!" అంటూ కుక్కను కాలితో తన్ని, పక్షిని కొంగులో చుట్టేసింది. అది ఆమె మణికట్టును చీరేసింది. ఆమె వదల్లేదు.

ఇంటికి తెచ్చి సత్తు బేసినులో నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు కలిపింది. నాకు నవ్వొచ్చింది. తాగే నీళ్ళకు కటకటలాడే ఊళ్ళో పక్షికి ఉప్పునీళ్ళా అన్నాను. దాని కళ్ళ పైన ఉప్పును వడగట్టే గ్రంథి ఉంటుందనీ, తాగి ఆ ఉప్పును ముక్కులోంచి చీదేస్తుందనీ పాఠం చెప్పింది. "మరి మంచినీళ్ళు తాగదా?" అంటే బేసినును దాని ముందుకు జరిపింది. "తాగుతుంది లేవే. ఇల్లు గుర్తుండొద్దూ?" అంది.

దాని రొమ్ము ఎముక కత్తిలా పొడుచుకొచ్చి ఉంది. సముద్రం పైన నీళ్ళు ఏటేటా వేడెక్కుతున్నాయనీ, చేపలు చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగిపోతున్నాయనీ చెప్పింది. ఈ పక్షికి లోతుకు మునగడం రాదు. నీళ్ళ మీద ఎక్కువసేపు కూర్చున్నా రెక్కలు నానిపోతాయి. "కింద చేపలు, పైన ఆకలి. ఆ వేడే తుపానుకు బలం. ముందు ఎండగడుతుంది, తర్వాత చావగొడుతుంది" అంటూ పళ్ళు కొరికింది. ఎవరి మీదో తెలియని ఆ కోపం నాకిప్పుడు అర్థమవుతోంది.

రెక్క మానాక, మా ఇంటాయన టమోటా లోడుతో చెన్నై పోతుంటే, లారీ క్యాబిన్‌లో ఒక ఖాళీ టమోటా బాక్సు పెట్టించి పక్షిని ఎక్కించింది. మర్నాడు ఆయన బీచ్ నుంచి ఫోన్ చేశాడు. "ఎగిరింది టీచరమ్మా! నా బొటనేలు కొరికి మరీ పాయ!" ఆమె పకపకా నవ్వి, అలాగే గోడకు జారగిలబడి ఏడ్చింది.

అప్పటినుంచి తుపాను వార్త వచ్చినప్పుడల్లా మిద్దె మీద ఉప్పునీళ్ళ బేసిను పెట్టేది. మళ్ళీ ఏ పక్షీ రాలేదు. ఆమె మానలేదు.

మొన్న మూడు రోజులుగా ముసురు. మిద్దె మన్ను నాని బరువెక్కింది, కప్పును మోసే దంతెలు మూలుగుతున్నాయి. నేను పోయి, "మా ఇంటికి రా టీచరమ్మా, ఇది నిలబడేట్టు లేదు" అన్నాను. "వస్తా పదవే. బేసిను వానకు నిండిపోయింటుంది, ఉప్పేసి వస్తా" అని మెట్లెక్కింది. "దిగు! పక్షీ వద్దు, పాడూ వద్దు!" అని అరిచాను. ఆమె వంగి గుప్పెట తెరవడం చూశాను. మిద్దె నడుమ నోరు తెరిచింది. మన్ను, బండలు, దూలాలు ఆమెను లోపలికి లాక్కుని మీద పడ్డాయి. నేను గోళ్ళు ఊడేలా తవ్వాను. చెయ్యి దొరికింది, వేళ్ళకింకా ఉప్పు అంటుకుని ఉంది.

ఆ సముద్రం ఆమెను ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చింది. దాన్ని నేను క్షమించను.

సొట్టలు పడిన బేసిను ఇప్పుడు మా గోడ మీద ఉంది. ఇంకో వాయుగుండం పుట్టిందని నిన్న టీవీలో చెప్పారు. మా ఇంటాయన వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి ఇచ్చాడు. బేసినులో నీళ్ళు పోసి గుప్పెడు కలిపాను. పొద్దున్నుంచీ పిచ్చుకలు వచ్చి ముక్కు ముంచి, తల విదిలించుకుని పోతున్నాయి. నేను నీళ్ళు మార్చలేదు.