మాడని అంచు

దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ బూట్ల ఫ్యాక్టరీలో సరస్, మ్యాగీ పక్కపక్కనే కూర్చుని తోలు కుట్టేవారు. భర్త లోగన్ పోయాక సరస్ భారతీయులుండే నార్త్‌డేల్ పేటలోని ఇంట్లో ఒంటరిగా ఉండేది. శనివారాల్లో పిండి పొరల మధ్య మటన్ కూర నింపిన పైలు ఓవెన్‌లో కాల్చి అమ్మేది. అంచులు ఎప్పుడూ మాడేవి. కత్తితో నల్లటి భాగం గీకేసి ఇచ్చేది.

1990 మార్చిలో నల్లజాతివాళ్లుండే ఎడెండేల్ లోయలో రాజకీయ కొట్లాటలు చెలరేగి మ్యాగీ ఇల్లు తగలబడింది. మంచం పట్టిన ఆమె తల్లి బయటికి రాలేకపోయింది. మ్యాగీ మళ్లీ పనికి వచ్చిన రోజు సాయంత్రమే సరస్ ఆమెను తన ఇంటికి తీసుకొచ్చి వెనక గది ఇచ్చింది.

ఆడపడుచు పమేలాకు ఇది నచ్చలేదు. "రోడ్డంతా టాక్ చేస్తది వదినా. నల్లోళ్లు మన ఏరియాలో ఉండాలంటే లా కూడా ఒప్పుకోదు."

"లా ఆమెకి ఇల్లు కట్టి ఇస్తదా?" అంది సరస్.

ఆ శనివారం ఓవెన్ నుంచి మాడు వాసన రాగానే మ్యాగీ లేచి పెరట్లోకి పరుగెత్తింది. సరస్ వెళ్లి చూస్తే, బట్టలారేసే కర్రను పట్టుకుని వాంతి చేసుకుంటోంది.

"నీ వంట వల్ల కాదు, సరస్. ఆ వాసన... మా అమ్మ..." అని ఆగిపోయింది.

సరస్ లోపలికి వెళ్లి ఓవెన్ ఆపింది. ట్రే మొత్తం చెత్తలో పారేసింది. కాల్చడమే మానేస్తానంటే మ్యాగీ ఒప్పుకోలేదు. "నా మూలంగా నీ పొయ్యి ఆగకూడదు," అంది.

ఆ వారమంతా సరస్ ఫ్యాక్టరీ నుంచి రాగానే పిండి కలపడమే. ట్రేని కింది అరలో పెడితే అడుగు రాయిలా గట్టిపడింది. వేడి తగ్గిస్తే పైపొర పాలిపోయింది. చివరికి ఆమెకు తట్టింది: మధ్యలో కూర తడి ఉంటుంది, అంచుకు ఆ అండ లేదు. అంచును లోపలికి మడిచి మందం చేసింది, పైన మెరుపు కోసం పూసే గుడ్డు సొన దానికి పూయలేదు. అల్యూమినియం ఫాయిల్‌ను పట్టీలుగా కత్తిరించి చుట్టింది. మొదటిసారి బిగించేసరికి పిండి ఫాయిల్‌కు అంటుకుని ఊడొచ్చింది. మళ్లీ వదులుగా చుట్టి, మధ్యభాగం రంగు తిరిగాక పట్టీ తీసి, మరికాసేపు కాల్చింది.

అంచు బంగారు రంగులో తేలింది.

మ్యాగీ అప్పటికే పెరట్లో నిలబడి ఉంది. సరస్ పిలిస్తే గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపల వెన్న, మసాలా వాసన తప్ప మరేమీ లేదు. వచ్చి కుర్చీలో కూర్చుంది. తల్లి పోయాక మొదటిసారి ఏడ్చింది. సరస్ పక్కన కూర్చుంది. ఆ తర్వాత ప్రతి శనివారం ఫాయిల్ పట్టీలు మ్యాగీయే కత్తిరించేది.

1994 ఏప్రిల్‌లో, అన్ని జాతులవాళ్లకూ ఓటు దక్కిన ఎన్నికల్లో, ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి తొలిసారి ఓటు వేశారు. అక్కడ చలికాలమైన జూన్‌లోనే మ్యాగీ ఎడెండేల్‌కు తిరిగి వెళ్లి, పాత స్థలంలోనే ఇల్లు లేపింది. తల్లి పడుకునే గది ఉన్నచోట మాత్రం గోడ కట్టలేదు. వానలు పడగానే అక్కడ గుమ్మడి గింజలు నాటింది.

చూడడానికి వెళ్లిన సరస్‌ను ఆ మడి పక్కన కూర్చోబెట్టి, "అమ్మ పేరు నొమ్‌తాండజో," అని చెప్పింది. ఇన్నేళ్లలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. సరస్ పలకబోయి తడబడింది. మ్యాగీ నెమ్మదిగా మళ్లీ చెప్పింది, సరస్ సరిగ్గా పలికేదాకా.