సుశీల మూసిన బావి

మా అత్తమ్మ సుశీల నోట మా మామయ్య పేరు నేను ఒక్కసారే విన్నాను. పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని నమ్మే తరం ఆమెది.

అత్వెల్లి నుంచి ఆమె శామీర్‌పేట రోడ్డు పక్కనున్న ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి చుట్టూ వరిమడులు, రోడ్డువైపు మూలలో రాతికట్టు బావి ఉండేవట. తర్వాత బోర్లొచ్చాయి, బావి ఎండిపోయింది, మడులు ప్లాట్లయ్యాయి. మామయ్య జనార్ధన్ నాగలి వదిలి భూముల బేరాల్లో దిగాడు, అక్కణ్ణుంచి ఊరి రాజకీయాల్లోకి నడిచాడు. ఇంట్లో ఆయన మాటే మాట. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఆయనే తేల్చాలి.

బావిని పూడ్చెయ్యమని హుకుం జారీచేసి ఆయన తిరుపతి వెళ్ళాడు. కానీ అత్తమ్మకు వాళ్ళత్త పార్వతీదేవి పోయేముందు చెప్పిన మాట ఒకటుంది: ఎండినా సరే, గంగమ్మ నోట్లో మట్టి కొట్టొద్దని. అందుకని అత్తమ్మ కూలికొచ్చిన గండయ్యతో బావి మీద అడ్డంగా దూలాల్లా రాతి కడీలు వేయించి, వాటిపై బండలు పరిపించి, పైన మట్టి కప్పించింది. పసుపూ కుంకుమా చల్లి దండం పెట్టుకుంది. గండయ్యది చేపలు పట్టే ఇల్లు, ఆయనకూ గంగమ్మే దిక్కు, అందుకే నోరు మెదపలేదు. మామయ్య వచ్చి చదునైన నేల చూసి మీసం దువ్వుకున్నాడు. ఈ సంగతంతా నాకు తెలిసింది చాలా తర్వాత.

ఆ మట్టిలో అత్తమ్మ బంతి, కనకాంబరం పెంచింది. షెడ్డు వేస్తామన్నా, కారు పెడతామన్నా పూలమడి ఉందని అడ్డుపడేది. నా కూతురు అశ్రిత అటు అడుగుపెడితే చీపురు తీసుకుని తరిమేది. నాలుగు పూల కోసం పసిపిల్ల మీదికి చీపురెత్తుతుందా అని నేను లోలోపల తిట్టుకునేదాన్ని. బయటికీ తిట్టాను, అబద్ధమెందుకు.

ఇంతలో మెట్రో రైలు కబురొచ్చింది. మా దగ్గర రైలు నేల కిందికి దిగుతుందని, స్టేషను కూడా కిందే కడతారని, మట్టి పరీక్షకు భవిత అనే ఇంజినీరు వచ్చింది. ఇంకా అంతా కాగితం మీదే ఉంది. ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని, చాయ్ తాగుతూ వివరించింది.

"ముందుగాల రోడ్డుకు రెండు దిక్కుల గోడలు నేలలకు దింపుతం. తర్వాత పైకప్పు ఏస్తం. కప్పు మీద బండ్లు తిరుగుతుంటయ్, కింద మేం మట్టి తీసుకుంట పోతం. అట్టడుగున రైలు, దాని మీద టికెట్ల హాలు. పైకొచ్చేందుకు అటొక గేటు, ఇటొక గేటు."

అంత పెద్ద స్టేషన్లో మామయ్యకు ఇటువైపు గేటొక్కటే కనిపించింది. "గేటు మా జాగలనే గద?" అన్నాడు. అప్పటికే ఊరంతా చెప్పుకుని తిరిగాడు మరి.

అత్తమ్మ మాత్రం చాయ్ కప్పులు తీయడం మరిచి నిలబడింది. "గంత బోలుగ ఉంటది గద బిడ్డా. మీద లారీలు పోతె కప్పు ఆగుతదా?"

"ఎంత బరువు మోయాల్నో ముందే లెక్కగట్టి ఏస్తం అమ్మా. లెక్కలేకుండ ఏస్తె ఎన్నడో ఒకనాడు కూలుతది."

అత్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎండదెబ్బేమో అనుకున్నాను.

"పాత బావులేమన్న ఉన్నయా అండి?" భవిత అడిగింది.

"ఉండె ఒకటి. మట్టి పోసి పూడ్పిచ్చిన. ఎన్నడో గట్టివడ్డది," అన్నాడు మామయ్య. అత్తమ్మ పెదవులు కదిలాయి. ఆయన ఒక్క చూపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున బోరు వేసే లారీ వచ్చింది. డ్రైవరు శివ వెనక్కి తీస్తుంటే, మామయ్య తానే దారి చూపిస్తానని వెనక నిలబడ్డాడు. "రానీ, రానీ," అంటూ ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ పూలమడిలోకి వెళ్ళాడు.

అత్తమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఇగో, ఇటు రా," అంది. ఇంజను రొదలో ఎవరికి వినిపిస్తుంది? "నిన్నే, వింటున్నవా?" ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. లారీ వస్తూనే ఉంది. ఆమె గొంతు పగిలేలా అరిచింది.

"జనార్ధన్!"

ఆయన ఉలిక్కిపడి తిరిగాడు, కళ్ళెర్రజేసి ఆమెవైపు నాలుగడుగులు వేశాడు. అత్తమ్మ పరుగున పోయి ఆయన చొక్కా పట్టి లాగింది. లారీ వెనక చక్రం మడి గట్టెక్కింది. నేల కింద ఏదో ఫట్టుమని విరిగింది. శివ ఎలా గేరు మార్చాడో ఏమో, లారీ ముందుకు దూకింది. బంతిమొక్కల వరుస మొత్తం లోపలికి జారిపోయింది. మరుక్షణం ఎక్కడో లోతు నుంచి బండలు పడ్డ చప్పుడొచ్చింది. మామయ్య నిలబడ్డ చోట నేల లేదు.

అశ్రిత ఆ గోతిలో పడినట్టే నా కళ్ళకు కట్టింది. ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట నాకైనా చెప్పొద్దా? కానీ అత్తమ్మ మామయ్య చొక్కాను ఇంకా రెండు చేతులా పట్టుకునే ఉండడం చూసి తమాయించుకున్నాను.

"ఏందిది?" అన్నాడు మామయ్య.

"బాయి."

"పూడ్వమన్న గద."

"పూడ్వలే. నేనే గండయ్యను వద్దన్న. బండలు ఏపిచ్చిన."

భవిత గోతి చుట్టూ తాడు కట్టించి వచ్చింది. ఇక్కడ గేటు కష్టమని, రోడ్డుకు అవతలి దిక్కు చూస్తామని నెమ్మదిగా చెప్పింది. మామయ్య తల ఎత్తుకునే విన్నాడు. పోతే పోయిందన్నట్టు చెయ్యి విదిలించాడు. ఆమె వెళ్ళాక అత్తమ్మవైపు తిరిగాడు.

"ఇన్నేండ్లు నన్ను గా బాయి మీదనే తిప్పినవ్. ఒక్క మాట చెప్పకపోతివి."

"నువ్వు అటు నడిసినప్పుడల్ల నా పానం ఆగిపోయేది," అంది అత్తమ్మ. "చెప్దామని ఎన్నోసార్లు దగ్గరికొచ్చిన. బాయికి భయపడ్డ. నీకు అంతకంటె ఎక్కువ భయపడ్డ."

గేటు పోయిందన్నప్పుడు దించని తలను మా మామయ్య అప్పుడు దించుకున్నాడు.