వెంగమ్మ వాంగ్మూలం

1961 మార్చిలో నన్ను గూడూరు తాలూకాకు సర్వేయరుగా వేశారు. అప్పటికి ఉద్యోగంలో చేరి ఇరవై నెలలు. ప్రొబేషన్ రెండేళ్లు. ఇంకో నాలుగు నెలలు నా మీద ఏ మాటా రాకుండా గడిస్తే పర్మనెంటు అవుతాను. గూడూరులో చేరిన మూడో వారంలోనే కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి మైలున్నర దూరంలో ఉన్న ఒక ఊళ్లో సరిహద్దు తగాదా తేల్చి రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ల మనవలు ఇప్పటికీ అవే పొలాలు చేసుకుంటున్నారు.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పక్కవాడు నా పొలంలోకి జరిగాడని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, సర్వేయరు వెళ్లి పాత కొలతల పుస్తకంలోని లెక్క ప్రకారం గీత మళ్లీ గీసి రాళ్లు నాటాలి. నూరు లింకుల ఇనుప గొలుసు మా ఆయుధం. అరవై ఆరు అడుగులు. ఎండకు ఇనుము సాగుతుంది కనుక కొలత పొద్దున్నే మొదలుపెట్టేవాళ్లం. గొలుసు పట్టే మనిషిని చైన్‌మన్ అంటారు. నా చైన్‌మన్ మస్తానయ్యకు యాభై ఏళ్లు. నాకంటే అతనికే పని బాగా తెలుసు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

తగాదా పెంచలరెడ్డికీ చెంగారెడ్డికీ మధ్య. అన్నదమ్ముల బిడ్డలు. రెండు పొలాల నడుమ గెనిమ, అంటే గట్టు, ఎవరు జరిపారన్నది ప్రశ్న. ఆ గెనిమ పక్కన ఉన్నది ఉప్పుపొడి తేలిన చౌడు. అందులో గడ్డి కూడా సరిగా మొలవదు. నాలుగేళ్లుగా ఎవరూ విత్తు వెయ్యని ఆ చారెడు నేల కోసం ఇద్దరూ మాటలు మానేశారు. మనిషికి పనికొచ్చే నేల మీద కంటే పనికిరాని నేల మీద పట్టుదల ఎక్కువని నా సర్వీసంతా చూశాను. పండే పొలమైతే దాని పనుల్లో పడి తగాదాను కొంతైనా మరిచిపోతారు.

మా పై అధికారి నన్ను పంపేటప్పుడు ఒక్కటే చెప్పారు. పార్టీల ఇళ్లలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టొద్దని. నేను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాను. ఇరవై మూడేళ్ల వయసులో ఎవరైనా ఒక నియమం చేతికిస్తే దాన్ని డప్పులా ఊరంతా కొట్టుకుంటూ తిరుగుతాం. పెంచలరెడ్డి మజ్జిగ పంపితే తిప్పి పంపాను. చెంగారెడ్డి టెంకాయలు పంపితే తిప్పి పంపాను. తిప్పి పంపిన సంగతి నలుగురికీ తెలిసేలా, చావిడి మెట్ల మీద నిలబడి మరీ పంపాను. మకాం ఆ చావిడిలోనే. వంట నాదే, వత్తుల స్టవ్ మీద. కరణంగారు కోటలో ఉండి పనున్నప్పుడు మాత్రమే వచ్చేవారు. మునసబు చెంగారెడ్డికి బావ. కాబట్టి ఆయన ఇల్లూ నిషిద్ధమే.

ఆ నియమానికి ఊరు తొందరగా అలవాటు పడింది. నేను వీధిలోకి వస్తే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. నేను దాటిపోయాక మళ్లీ మొదలయ్యేవి. ఎవరూ అమర్యాదగా లేరు. అందరూ లేచి నిలబడేవాళ్లు. కూర్చోమనేవాళ్లు మాత్రం లేరు. మధ్యాహ్నాలు సరుగుడు తోపు మీదుగా సముద్రం హోరు వినిపించేది. ఆ హోరు వింటూ, అన్నం చల్లారేదాకా గిన్నె ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఇంట్లో పదకొండుమందిమి. ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే, చుట్టూ మనుషులున్న ఊళ్లో.

కొలత మొదలుపెట్టిన రోజే కొలతల పుస్తకంలో మాకు కావలసిన కాగితం చిరిగి ఉందని తేలింది. నకలు తెమ్మని మస్తానయ్యను గూడూరు పంపాను. నాలుగు రోజుల పని. అతను బస్సెక్కిన సాయంత్రమే నాకు చలిజ్వరం పట్టుకుంది. మర్నాడు లేచి నిలబడలేకపోయాను. స్టవ్ వెలిగించే ఓపిక లేదు. కూజాలో నీళ్లు అయిపోతే బావిదాకా పాక్కుంటూ పోయినంత పని చేశాను.

ఊళ్లోవాళ్లు వచ్చారు. రాలేదనను. గడప దగ్గర నిలబడి, "జొరమంటనే", "శానా ఎక్కువంటనే" అని ఒకరికొకరు చెప్పుకుని వెళ్లిపోయారు. లోపలికి ఎవరూ రాలేదు. నాకు గుక్కెడు గంజి పోస్తే రెండో పక్షం వాళ్లు లంచమంటారని ఒకరి భయం ఒకరికి. చెంగారెడ్డి అయితే తన పాలేరును చావిడికి ఎదురరుగు మీద కూర్చోబెట్టాడు. అవతలివాళ్లు నాకేమైనా పెడతారేమో చూసి చెప్పడం అతని డ్యూటీ. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎవరో ఒకాయన పాపం నా కోసం కాపలా కూర్చున్నాడనుకుని సంతోషించాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక ముసలామె నేరుగా లోపలికి వచ్చింది. చేతిలో చెంబు, దాని మీద మూతగా చిన్న గిన్నె. ఆమె పేరు వెంగమ్మ, పెంచలరెడ్డి తల్లి. చెంగారెడ్డికి పెద్దమ్మ. నేను చెయ్యెత్తి వద్దమ్మా అన్నాను. నా నియమం గురించి ఏదో చెప్పబోయాను.

"నియమం నీదే నాయనా, కాదన్లేదు. కడుపు ఎవురిది?" అంది.

నూకల జావ. పలచగా, ఉప్పు వేసి, కాస్త మజ్జిగ కలిపి. తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించింది. తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆమె చూడనట్టు గోడవైపు తిరిగి స్టవ్ పరిశీలించింది. మర్నాడు కూడా అదే వేళకు వచ్చింది. ఆ రెండు చెంబుల జావతో లేచి కూర్చున్నాను. ఐదో రోజుకు మస్తానయ్య నకలు తెచ్చాడు.

కొలిచాం. గీత పెంచలరెడ్డికి అనుకూలంగా వచ్చింది. నేను జావ తాగింది ఆ ఇంటిదే. మళ్లీ కొలిచాను. ఒక సర్వేయరు తన కొలత తప్పు కావాలని కోరుకోవడం శాఖ చరిత్రలో ఎప్పుడైనా జరిగిందో లేదో. మూడుసార్లు కొలిచినా గొలుసు అదే చెప్పింది. మస్తానయ్య నా ముఖం చూసి గొలుసు మడిచాడు.

పాలేరు తన పని సక్రమంగానే చేసి ఉన్నాడు. చెంగారెడ్డి మాత్రం గీత తనవైపు వస్తుందేమోనని ఆ ముక్క కడుపులోనే దాచుకున్నాడు. గీత అటు పోగానే అర్జీ పెట్టాడు. జ్వరం నెపంతో సర్వేయరు ఎదుటి పార్టీ ఇంటి తిండి రెండు రోజులు తిన్నాడని, కాబట్టి కొలత చెల్లదని. పదిరోజులకు నెల్లూరు నుంచి మా శాఖ ఇన్‌స్పెక్టరుగారు విచారణకు దిగారు. ఆరోపణ రుజువైతే కొలత రద్దు, నా ప్రొబేషన్ ఆగిపోవడం ఖాయమని నేను లెక్కకట్టుకున్నాను. ఆయన్ని అడగలేదు. నా అంతట నేనే లెక్కకట్టుకున్నాను.

విచారణ చావిడిలోనే. ఊరంతా కూడింది. ఇన్‌స్పెక్టరుగారు అర్జీ చదివి, ఆ ఇంటి నుంచి ఏమైనా తీసుకున్నారా అని నన్నడిగారు. వెంగమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. నేను ఆమెవైపు చూడకుండా, లేదండీ, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు అన్నాను. గొంతు తడబడలేదు. రెండు రోజులుగా వల్లె వేసిన మాట మరి.

తర్వాత ఆమెను పిలిచారు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని నావైపు ఒక్కసారి చూసింది.

"ఆ అబ్బయ్య చెప్పినాడు గదయ్యా. నేనేమీ ఈలేదు" అంది. రాసింది చదివి వినిపిస్తే వేలిముద్ర వేసింది.

అంతవరకు బిగుసుకుని ఉన్న చెంగారెడ్డి అప్పుడు లేచాడు. "మా పెద్దమ్మ అట్ట చెప్పిందంటే ఇంక మాట లేదు. మావోడే పొరబడుంటాడు" అని అర్జీ వెనక్కి తీసుకున్నాడు. పాలేరు తాను కళ్లారా చూశానని గొణిగాడు. వాణ్ణి ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

చెంగారెడ్డి అంత తేలిగ్గా ఎలా తగ్గాడో నాకు అర్థం కాలేదు. కాగితాలు కడుతూ కరణంగారు చెప్పారు. చాలా ఏళ్ల కిందట ఒక బావి వాటా మీద వెంగమ్మ భర్తకూ చెంగారెడ్డి తండ్రికీ కోర్టులో దావా నడిచిందట. సాక్షిగా పిలిస్తే ఆమె భర్తకు వ్యతిరేకంగా నిజం చెప్పింది. దావా పోయింది. ఇంటాయన ఆర్నెల్లు మాట్లాడలేదు. అప్పటి నుంచి ఆ ఊళ్లో ఏ వాదమైనా ఆమె మాటతో ఆగుతుంది. ఆమె అబద్ధం చెప్పగా విన్నవాళ్లు లేరని కరణంగారు అన్నారు. నేను తలవంచుకుని కాగితాల అంచులు సరిచేశాను.

ఇన్‌స్పెక్టరుగారిని కోటలో బస్సెక్కించడానికి తోడు వెళ్లాను. దారిలో ఆయన నవ్వుతూ, అయినా జ్వరంలో ఉన్నవాడు గంజి తాగితే ఎవరు తప్పంటారయ్యా, తాగాను అని చెప్పినా నేను అదే రాసి కేసు మూసేవాణ్ణి, కొలత సరిగానే ఉంది కదా అన్నారు. ఆయనకు అనుమానం ఉందో లేదో తెలియదు. నాకు మాత్రం మిగిలిన దారి చాలా పొడుగైంది.

రాళ్లు నాటడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. చివరి రాయి నాటి, చెయ్యి కడుక్కుని, వెంగమ్మ ఇంటికి వెళ్లాను. కేసు ముగిసింది కాబట్టి ఇప్పుడు ఆ గడప తొక్కినా అభ్యంతరం లేదని నాకు నేనే ఉత్తర్వు ఇచ్చుకున్నాను. ఆమె పంచలో కూర్చుని చింతపండు కొడుతోంది. నేను నిలబడే, అమ్మా, ఆ రోజు మీరు తెచ్చిన జావ అని మొదలుపెట్టాను.

"ఏ జావ నాయనా?" అంది, చేతిలో పని ఆపకుండానే. "నువ్వు తాగలేదంటివి, నేను ఈలేదంటిని. అచ్చరాలా రాసుకోనుండారు. ఇంకేముండాది దాన్లో?"

పాలేరు పని పోయిన సంగతి తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. వాణ్ణి మా చేలో పెట్టుకోమని మా పెంచలయ్యకు చెప్పినాలే అంది. నేను చెయ్యవలసిన పని అది. నాకు తట్టనైనా తట్టలేదు.

కాసిని మంచినీళ్లు ఇప్పించండమ్మా అన్నాను. నిజానికి దాహం లేదు. ఆమె చేతినుంచి నలుగురూ చూస్తుండగా తాగాలని ఉంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు. అలసట ఉంది.

"మా ఇంటి నీళ్లు నీకెందుకులే నాయనా. చావిడి బాయిలో నీళ్లు తియ్యంగుంటాయి, ఆడ తాగిపో" అంది.

ఆ జూలైలో నన్ను పర్మనెంటు చేశారు. తర్వాత ముప్పై రెండేళ్లు పని చేశాను. ప్రతి తగాదాలోనూ మొదటిరోజే రెండు పక్షాల ఇళ్లకూ వెళ్లి అడిగి మజ్జిగ తాగేవాణ్ణి. ఎవరింట్లో ఏం తాగానో ఆ రాత్రే డైరీలో రాసి, కింద సంతకం పెట్టేవాణ్ణి. పై అధికారులు ఎగతాళి చేశారు. ఆ డైరీల మీద రెండుసార్లు అర్జీలు వచ్చాయి. రెండుసార్లూ అవునండీ, తాగాను అని రాసిచ్చాను. ఏమీ కాలేదు. సర్వేయరు తీసుకోవడం తప్పు కాదని, తీసుకుని లేదనడమే తప్పని నేను నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి అయిన ఖర్చు మాత్రం నేను పెట్టలేదు. వెంగమ్మ పెట్టింది.