పొట్టి లివరు

బరంపురం మెకానిక్ షెడ్లలో కాలిన గేరు ఆయిలు వాసన తగిలినప్పుడల్లా నాకు చికిటి దగ్గర మా ఊరు, రొజొ పండుగ గుర్తుకొస్తాయి. ఆ మూడు రోజులూ భూదేవి బహిష్టులో ఉంటుందని నేల దున్నకూడదు, ఆడవాళ్ళు పని ముట్టకూడదు. మా ఒడియా ఇరుగుపొరుగమ్మలు పసుపు రాసుకుని, నిప్పుల మీద కాల్చిన పొడొపిఠా రొట్టె తింటూ, మామిడికొమ్మకు కట్టిన ఉయ్యాలల్లో పాటలు పాడుకుంటుంటే, మా నాన్న మాత్రం అమ్మను పాత జీపెక్కించి, తొలకరికి నానిన బీడులో నడపడం నేర్పేవాడు. దున్నకూడదన్నారు గానీ జీపు తోలకూడదనలేదు కదా అని ఆయన వాదన.

జీపుకి గేరు రాడ్డు పక్కన ఒక పొట్టి లివరుండేది. అది ముందుకు తోస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. బురదలో దిగేముందే తొయ్యాలి, మధ్యలో క్లచ్చి తొక్కకూడదు.

"గట్టుకి ఎదురెల్లకు, ఓరగా ఎల్లు. ఒకో సక్రం ఎక్కాల," అనేవాడు నాన్న.

"మరి తార్రోడ్డు మీదో?" అని అడిగింది అమ్మ.

"రోడ్డుకి నానున్నాను గదేటి!" అని నవ్వేశాడు.

నాకు పదకొండేళ్ళప్పుడు, వానాకాలంలో ఒక పొద్దున్న నాన్న గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రి దారిలో ఏరు పొంగుతోంది, ఆటోలు దాటవు. అమ్మ ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టి, పొట్టి లివరు తోసి, క్లచ్చి ముట్టకుండా మోకాలి లోతు నీళ్ళు, ఇసుక, అవతలి గట్టు అన్నీ దాటించేసింది. తార్రోడ్డెక్కాక స్టీరింగు బిగుసుకుపోయింది, మలుపుల్లో టైర్లు కీచుమన్నాయి. నాన్న ఏదో చెప్పబోయాడు, మాట రాలేదు. అమ్మ ఇంకా గట్టిగా తొక్కింది. ఒక మలుపులో కింద ఏదో విరిగిన చప్పుడై జీపు ఆగిపోయింది. చాలాసేపటికి ఒక లారీ ఆగింది. ఆసుపత్రిలో డాక్టరు, కొంచెం ముందొస్తే బాగుండేదన్నాడు.

మా బడి పక్క షెడ్డుకి జీపుని లాక్కొచ్చారు. ఏం విరిగిందో కనుక్కోమని అమ్మ నన్ను పంపింది.

"ఈ లివరు ఎనక్కి తియ్యకండా తారు మీద నడిపీసినారమ్మా," అన్నాడు మేస్త్రీ. "మట్టిలోనైతే సక్రాలు జారి సర్దుకుంటాయి. తారు మీద జారవు, లోపల బిగిసిపోయి ఇరిగిపోతాది."

ఇంటికెళ్ళాక అమ్మ అడిగింది, "మేస్త్రీ ఏటన్నాడే?"

"బండి పాతదైపోనాదట," అన్నాను.

ఇప్పుడు ఏటి మీద వంతెనుంది. జీపు తుక్కుకి పోయింది, మామిడిచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. అమ్మ బరంపురంలో నా దగ్గరే ఉంటుంది. నాన్న తద్దినం నాడు వంటయ్యాక ఒక్కమాటే అంటుంది.

"నానైతే ఏరు దాటించీసినాను గదే, అమ్మీ."

"దాటించీసినావమ్మా," అంటాను.