తలుపు సందులో సిగ్నల్

ఆ భవనంలో అతన్ని అందరూ ‘లిఫ్టాయన’ అనేవారు. లిఫ్టులు బాగుచేయడం అతని పని. బావమరిదిదీ అదే పని. ఒకరోజు బావమరిది లిఫ్టు గోతిలో ఉండగా, "బయటికొచ్చేశా" అన్న కేక వినపడక ముందే ఇతను పైన స్విచ్ వేశాడు. బావమరిది ప్రాణం పోయింది. యంత్రానిదే తప్పని రాసేసి కంపెనీ చేతులు దులుపుకుంది. ఇంట్లో అతనూ అదే చెప్పాడు.

ఆ తర్వాత కంటిమీద కునుకు లేదు. ఆస్పత్రివాళ్లు ఫోన్లో ఒక యాప్ వేసిచ్చారు. వారానికోసారి అందులో కౌన్సిలర్‌తో మాట్లాడాలి. "ఇక్కడికి రానక్కర్లేదు, ఇంట్లోనే ఏకాంతంగా కూర్చోండి" అన్నారు. ఆ ఏకాంతం ఎవరిస్తారో చెప్పలేదు. ఉన్నది ఒకటే గది. అందులో భార్య, కూతురు; పైగా ఆ కొడుకు పోయాక దిక్కులేక వచ్చిన అత్తగారు.

అందుకని లిఫ్టును పై అంతస్తులో ఆపి, ‘మరమ్మతు’ బోర్డు తగిలించి లోపల కూర్చునేవాడు. తలుపు రెండు వేళ్ల సందు తెరిస్తే సిగ్నల్ అందేది. మొదట్లో నిద్ర గురించి, ఆకలి గురించి చెప్పాడు. చివరికి ఒకరోజు నోరు పెగిలింది.

"మేడమ్, ఆ రోజు స్విచ్ దగ్గర..."

తలుపు దబదబా మోగింది. సందులో భవనం సెక్రటరీ కన్ను.

"ఏమయ్యా, పాడైంది లిఫ్టా, నీ బుర్రా? ముసలాళ్లు మెట్లెక్కలేక చస్తుంటే నీకిక్కడ ఆడాళ్లతో కబుర్లా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకోసారి బోర్డు పెడితే పని ఊడుతుందన్నాడు సెక్రటరీ. ‘మనసు విప్పి మాట్లాడండి’ అన్న పోస్టరు ఆ లిఫ్టులో అంటించింది ఆయనే.

మరుసటి వారం ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య టీవీ కట్టేసింది. కూతురు పుస్తకం మూసింది. అతని మంచి కోసమే అందరూ ఊపిరి బిగబట్టారు.

"పోయినసారి స్విచ్ అంటూ ఆగిపోయారు, చెప్పండి" అంది ఇయర్‌ఫోన్‌లో కౌన్సిలర్.

అతను అత్తగారి వైపు చూశాడు.

"చెప్పు నాయనా, మేమేమన్నా పరాయివాళ్లమా?" అత్తగారు వీపు నిమిరింది.

"ఏం లేదండీ. బాగానే ఉన్నా. నిద్ర కూడా పడుతోంది."

ఎన్ని స్టార్లిస్తారని ఫోన్ అడిగితే కూతురు అయిదూ నొక్కేసింది. ‘మీరు కోలుకుంటున్నారు, అభినందనలు’ అని వచ్చింది. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివించుకుంది.

"అదేదో నాకూ పెట్టు నాయనా. పిల్లాడు పోయిన దగ్గర్నుంచీ నాకూ లోపల చాలా ఉండిపోయింది."

అతను ఆవిడ పేరు ఎక్కించాడు. ‘మీరిప్పుడు ఏకాంతంగా ఉన్నారా?’ అని అడిగింది యాప్.

నలుగురూ ఆ అక్షరాలే చూస్తుండగా, అతను ‘అవును’ నొక్కాడు.